డబ్బాలు ఏరే ఉద్యోగమా అని అడిగిన తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసింది. స్ప్రేలు తయారుచేసే ఒక కంపెనీలో ప్యాకేజింగ్ డెవలప్‌మెంట్ ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. డియోడరెంటుకో, దోమల మందుకో, పెయింటుకో ఏ డబ్బా, ఏ వాల్వ్, ఏ బటన్ వాడాలో చూడటమే పనట. ఇంత చదివించింది డబ్బాలు ఏరడానికా? ఆర్నెల్ల డేటా సైన్స్ కోర్సులో చేరమంటే వినడం లేదు. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ. డబ్బాల చోట ఒకసారి సిమెంటు ఉంటుంది, ఒకసారి తోలు, ఇంకోసారి రంగులు. చివర్లో డేటా సైన్స్ మాత్రం మారదు. మీరు జీతం గురించి అడగలేదు, పైకి ఎదిగే దారి ఉందా అనీ అడగలేదు. బంధువులకు ఏం చెప్పాలని అడిగారు. మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ డబ్బా సంగతి మాట్లాడుకోవాలి.

స్ప్రే డబ్బాలో ద్రవంతో పాటు దాన్ని బయటికి నెట్టే, ఒత్తిడిలో ఉన్న గ్యాసు కూడా ఉంటుంది. ఆ రెండింటినీ ఏళ్లపాటు కారకుండా, పాడవకుండా పట్టి ఉంచాలి. నీళ్లు కలిసిన మందును తగరపు పూత రేకు డబ్బాలో పోస్తే లోపల తుప్పు పట్టే ప్రమాదం ఉంది. పోనీ అల్యూమినియం వాడదామంటే, అది ఒకే బిళ్లను సాగదీసి చేసింది కాబట్టి అతుకులుండవు, నిజమే. కానీ గాఢమైన క్షారం గానీ ఆమ్లం గానీ తగిలితే దాన్ని తినేస్తుంది. లోపల పూత వేస్తారు కదా అంటారేమో. ఏ మందుకు ఏ పూత నిలుస్తుందో పరీక్షించి తేల్చుకోవాలి, ఊహించి చెప్పేది కాదు.

వాల్వ్ దగ్గర కథ ఇంకా చిక్కు. అందులో ఒక చిన్న రబ్బరు గాస్కెట్, అంటే కారకుండా ఆపే బిళ్ల ఉంటుంది. డైమిథైల్ ఈథర్ లాంటి గ్యాసు తగిలితే కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి. కాస్త ఉబ్బితే సీలు బిగుస్తుంది, మరీ ఉబ్బితే బటన్ నొక్కినా దాని కింద ఉండే వాల్వ్ కాడ కదలదు, లేదా నొక్కాక తిరిగి పైకి రాదు. అడుగుదాకా వెళ్లే ప్లాస్టిక్ గొట్టం కూడా కొన్ని ద్రవాల్లో నానితే పొడుగవుతుంది. కొత్తలో సరిపోయిన గొట్టం కొన్ని నెలలకు అడుగుకు ఒత్తుకుని నోరు మూసుకోవచ్చు. నా దగ్గర సలహా తీసుకుని ఈ పనిలోకి వెళ్లిన ఒకమ్మాయి ఈ సంగతి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. తర్వాత తనే కొత్త గొట్టాన్నీ నానిన గొట్టాన్నీ పక్కపక్కన పెట్టి చూపించింది.

గ్యాసు మారితే లెక్క మొత్తం మారుతుంది. ఎల్పీజీ డబ్బాలో ద్రవంగా ఉంటుంది, వాడేకొద్దీ ఆవిరై చివరిదాకా దాదాపు ఒకే ఒత్తిడి ఇస్తుంది. నైట్రోజన్ అలా కాదు, డబ్బా ఖాళీ అవుతుంటే ఒత్తిడి పడిపోతుంది. కాబట్టి నిండుగా ఉన్నప్పుడూ అడుగంటినప్పుడూ తుంపర బాగుండేలా వాల్వ్, బటన్ ఎంచుకోవాలి. బటన్ మారిస్తే అదే ద్రవం సన్నని మంచులా రావచ్చు, సూటిగా ధారలా రావచ్చు. మరీ సన్నగా వస్తే పీల్చేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక్కడ తప్పు చేస్తే జనం ఆరోగ్యానికే ముప్పు.

ఇన్ని చూసి ఎంచుకున్నాక డబ్బాల్లో నింపి, కొన్నిటిని నిలబెట్టి, కొన్నిటిని తలకిందులుగా పెట్టి, మామూలు వేడిలోనూ 40 డిగ్రీల చుట్టుపక్కల వేడిలోనూ నెలల తరబడి ఉంచి, ఎంత బరువు తగ్గిందో తూస్తారు, ఎంత కారిందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఓపిక కావాలి. గ్లామర్ లేదు, నిజం చెప్పాలి.

ఎదుగుదల ఉందా అన్నది మీరు అడగకపోయినా నేను చెబుతాను. ఈ డబ్బాకు 1920లలో నార్వే ఇంజినీరు ఎరిక్ రోథైమ్ పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ద్రవాన్ని నెట్టడానికి సీఎఫ్‌సీ (క్లోరోఫ్లోరోకార్బన్) గ్యాసులు వచ్చాయి. అవి ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ హెచ్చరించారు. వాటి వాడకాన్ని తగ్గించడానికి 1987లో దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. గ్యాసు మారితే గాస్కెట్ మొదలు డబ్బా దాకా అన్నీ మళ్లీ పరీక్షించాలి కదా, ఆ పని ఎవరు చేసి ఉంటారనుకుంటున్నారు? మీరు డబ్బాలు ఏరేవాళ్లంటున్నవాళ్లే. ఇప్పటికీ పర్యావరణ నిబంధన మారిన ప్రతిసారీ కంపెనీ ముందు పిలిచేది వాళ్లనే.

ఇక డేటా సైన్స్. ఆ శాస్త్రం మీద నాకేమీ కోపం లేదు. ఒకప్పుడు అడిగినవాళ్లందరికీ ఆ కోర్సే చెప్పాను, ఒప్పుకుంటున్నాను. లెక్కలూ స్టాటిస్టిక్సూ గట్టిగా వచ్చినవాళ్లు నిలబడ్డారు. మిగతావాళ్లు నా దగ్గరికి పట్టుకొచ్చిన ప్రాజెక్టులు చూసి నాకే సిగ్గేసింది. టైటానిక్ ఓడలో ఎవరు బతికి ఉంటారో లెక్కకట్టడం, 150 ఐరిస్ పూలను మూడు జాతులుగా విడదీయడం, అన్నీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇచ్చే అభ్యాసాలే. ప్రతి రెజ్యూమేలోనూ అదే ఓడ, అవే పూలు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆర్నెల్లలో టూల్స్ నేర్పగలరు, ఒక పరిశ్రమలో అంకె ఎందుకలా వచ్చిందో గ్రహించే చూపు నేర్పలేరు. మీ అమ్మాయి తూచే ప్రతి డబ్బా ఒక నిజమైన అంకె ఇస్తుంది. ఆ కోర్సు సాయంత్రాలు కూర్చుని రెండేళ్ల తర్వాతైనా చేసుకోవచ్చు. అప్పుడు దానికి విలువ కూడా ఎక్కువ.

పోల్చి చెప్పమన్నారు, నేను ఒక వైపే మొగ్గుతున్నానని నాకూ తెలుసు. ఈ పనిలో ఇబ్బందులు లేకపోలేదు. రంగం చిన్నది, మారదామంటే కంపెనీలు తక్కువ. మండే గ్యాసుల మధ్య పని. కొనుగోలు విభాగం చవక వాల్వ్ చూపించి ‘ఇది సరిపోదా’ అని ప్రాణం తీస్తుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, కొన్నిచోట్ల ఈ హోదా పేరుకే ఉంటుంది, చేయించేది ఆర్డర్లు పెట్టే గుమస్తా పని. అందుకే చేరేముందు మీ అమ్మాయి కొన్ని విషయాలు అడగాలి. పరీక్షలు కంపెనీలోనే చేస్తారా, సరఫరాదారు ఇచ్చిన కాగితం చూసి సరిపెడతారా? ట్రైనీని ల్యాబులో ఎన్నాళ్లు ఉంచుతారు? వాల్వ్ మార్చాలంటే చివరి సంతకం ఎవరిది? జవాబులు నీళ్లు నమిలినట్టుంటే ఆ కంపెనీ వద్దు, ఇంకోటి చూసుకోవచ్చు.

ఒక మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. అమ్మాయి వినడం లేదని రాశారు. తను ఈ ఉద్యోగం ఎందుకు కావాలంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదు, అంతే. నాలుగేళ్లు ఫీజులు కట్టిన మనిషికి ఈ ఒక్క ప్రశ్న అడిగే తీరిక లేకపోయిందా?

తను మొండిగా ఉందంటే నాకు భయం వేయడం లేదు, ధైర్యంగానే ఉంది. ఏ పని చేయాలో తెలియక నా దగ్గరికి వచ్చే పిల్లలను రోజూ చూస్తుంటాను, మీ అమ్మాయి ఆ వరుసలో లేదు. బంధువులకు ఏం చెప్పాలంటారా? ఒత్తిడితో నింపిన డబ్బా జనం చేతుల్లో పేలకుండా, కారకుండా చూసే ఇంజినీరని చెప్పండి. వాళ్లు ఇంకా అడిగితే ఫోను అమ్మాయికి ఇవ్వండి. గాస్కెట్ గురించి మొదలుపెట్టిందంటే వాళ్లే పెట్టేస్తారు.