మూడో ఫ్లాపీ

చిట్టీ,

నిన్న రాత్రి పదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు తన ఫోన్ వచ్చిందంటే ఎవరికో ఒంట్లో బాగోలేదని లెక్క. గుండె ఝల్లుమంది. ఎత్తీ ఎత్తగానే "అన్నయ్యా, అది ఉద్యోగం మానేసిందిట. ఇంట్లో కూర్చుని వీడియో గేమ్ తయారు చేస్తుందిట" అంది. హమ్మయ్య, ఇంతేనా అనుకున్నా. పైకి మాత్రం "అయ్యయ్యో" అన్నా. అనకపోతే ఊరుకోదుగా.

పడుకున్నాక నాలో నేనే నవ్వుకుంటుంటే మీ అత్తయ్య లేచి కూర్చుని "ఏమైంది మీకు" అని అడిగింది. ఏం చెప్పను? కాసేపు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది, ఇక నిద్ర పట్టలేదు. తెల్లారి లేచి ఇది రాస్తున్నా. వాట్సాప్‌లో పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పడేసి ఊరుకుంటావు. అందుకే కాగితం మీద.

ముందు తిట్లు. నోటీసు పీరియడ్ కూడా అయిపోయాక ఇంట్లో చెబుతావా? ఆపేస్తారని భయమా? మీ నాన్న నోరు తెరిచి ఏమీ అనడు. పేపర్‌లో ఒకే పేజీ పట్టుకుని గంట కూర్చున్నాడట, మీ అమ్మ చెప్పింది. ఈ ఆదివారం ఫోన్ చేసి ఆయనతో విడిగా మాట్లాడు. ఆట గురించి చెప్పు. కృష్ణ లంకల మధ్య పడవ నడిపే ముసలాయన కథ అని నువ్వు నాకు సంక్రాంతికి చెప్పావే, అలాగే చెప్పు. ఆయన చిన్నప్పుడు ఆ రేవులో ఎన్నిసార్లు పడవెక్కాడో నీకు తెలీదు.

ఏడాదిన్నరకి సరిపడా ఖర్చుల డబ్బు విడిగా పెట్టు. పీఎఫ్ ముట్టుకోకు. ఆఫీసు ఇన్సూరెన్స్ పోయింది కాబట్టి సొంతంగా హెల్త్ పాలసీ ఈ వారమే తీసుకో. ఆఫీసు లాప్‌టాప్‌లో ఈ ఆట తాలూకు ఒక్క లైను రాసి ఉన్నా పారేసి మళ్లీ రాయి. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఆట పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి, అమ్మకాల్లో 30 శాతం వాళ్లే ఉంచుకుంటారు, అందుకని రాబడి లెక్కలు వేసేటప్పుడు ఆ ముప్పై ముందే తీసేయి. ఇవన్నీ నీకు తెలుసు. రాయకపోతే మీ అమ్మ నన్ను బతకనివ్వదు.

"స్టార్‌డ్యూ వ్యాలీ ఆట చేసినాయన ఒక్కడే చేశాడు కదా మామయ్యా" అంటావు. నేనూ చదివాన్లే. ఎరిక్ బరోన్. బొమ్మలు, పాటలు, ప్రోగ్రాము అన్నీ తనే, నాలుగున్నరేళ్లు, 2016 ఫిబ్రవరిలో విడుదల. ఈ కథ చెప్పేవాళ్లు అక్కడికి ఆపేస్తారు. ఆ రోజుల్లో ఆయన సియాటిల్‌లో ఒక థియేటర్లో జనానికి సీట్లు చూపించే పార్ట్‌టైమ్ పని చేసేవాడు. ఇల్లు గడిచింది ఎక్కువగా గర్ల్‌ఫ్రెండ్ సంపాదన మీద. నీ రూమ్మేట్ అంత మంచిదైతే సంతోషమే. కాకపోతే వారానికి రెండు రోజులు ఏదైనా చిన్న పని పెట్టుకో. నామోషీ ఏం కాదు.

నీళ్లు గీయడం మీద ఆరు నెలలు తగలేయకు. నీ సంగతి నాకు తెలుసు, అలల మీద వెన్నెల ఎలా పడాలో చూస్తూ కూర్చుంటావు. సూపర్ మారియో మొదటి ఆటలో మేఘం, పొద రెండూ ఒకటే బొమ్మ. తెల్లరంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. ఆట మొత్తం 40 కేబీలో పట్టాలి మరి. ఎన్నేళ్లు ఆడినా చాలామందికి అది తట్టనే లేదు. స్టీమ్‌లో రెండు గంటల లోపు ఆడి, పద్నాలుగు రోజుల లోపు అడిగితే డబ్బు వెనక్కిచ్చేస్తారు. కాబట్టి మొదటి అరగంటలో ముసలాయన పడవ రేవు దాటాలి. వెన్నెల తర్వాత చూసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మ కూడా చెప్పి ఉండదు.

1994 వేసవి. విజయవాడలో ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకి పాఠాలు చెప్పేవాణ్ని. సాయంత్రం ఏడు తర్వాత అక్కడున్న 386 మిషన్ నాదే. దాని మీద టర్బో సీ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో పులి-మేక ఆట రాశా. గుడి మంటపం బండ మీద గీతలు చెక్కి ఉంటాయే, అదే. 23 చుక్కలు, 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా అవతలికి దూకితే ఆ మేకని తిన్నట్టు. చదరంగం బల్లలా గళ్లుంటే లెక్క తేలిక. ఇది త్రికోణం. ఏ చుక్క నుంచి ఏ చుక్క మీదుగా పులి ఎక్కడికి దూకొచ్చో ఒక్కొక్క వరసా చేత్తో రాసుకోవాలి. నోట్‌బుక్కులో బల్ల గీసి, చుక్కలకి నంబర్లు వేసి, నాలుగు రాత్రులు కూర్చుని ఆ పట్టిక తయారు చేశా. పులి మొహం కూడా నేనే గీశా. పిల్లిలా ఉందని మీ అమ్మ నవ్వేది.

అప్పుడు తను డిగ్రీ రెండో ఏడు. కాలేజీ నుంచి నేరుగా సెంటర్‌కి వచ్చి నాతోపాటు ఇంటికి వచ్చేది. ఆలోపు ఆట ఆడేది. ఎప్పుడూ మేకల వైపే. మొదట్లో ఓడిపోయేది. తర్వాత తర్వాత వరసగా గెలవడం మొదలెట్టింది. నా పులులు అంత తెలివితక్కువగా ఎందుకున్నాయో అర్థం కాక జుట్టు పీక్కునేవాణ్ని. తను కాకుండా ఆ ఆట ఇంకెవరూ ఆడలేదు. ఇంకొంచెం బాగుచేశాక చూపిద్దాం, ఇంకొంచెం బాగుచేశాక చూపిద్దాం అనుకుంటూ దాచుకున్నా.

హైదరాబాద్‌లో ఒక ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సొంతంగా చేసిందేమైనా ఉంటే తీసుకురమ్మన్నారు. అప్పట్లో ఫైళ్లు మోసుకెళ్లడానికి ఫ్లాపీ అని పల్చటి డిస్కు ఉండేది. బొమ్మలు, కోడు అన్నీ కలిపితే ఒక ఫ్లాపీలో పట్టలేదు. ఏఆర్‌జే అని ఒక ప్రోగ్రాము ఉండేది, అన్నిటినీ కుదించి ముక్కలు చేసి ఎన్ని ఫ్లాపీలైనా సర్దేది. మూడు ఫ్లాపీలయ్యాయి. లేబుళ్ల మీద అందంగా 1, 2, 3 అని రాసుకున్నా. రెండు రోజులకి మిషన్లో వైరస్ చేరిందని సెంటర్‌వాళ్లు మొత్తం ఫార్మాట్ చేసేశారు. నన్నడిగే చేశారు. "చేసుకోండి, నా దగ్గర కాపీ ఉంది" అని నేనే దర్జాగా చెప్పా.

రాత్రి బస్సులో వెళ్లా. ఫ్లాపీలు చొక్కా జేబులో. పొద్దున ఆ ఆఫీసులో ఒక పెద్దాయన కుర్చీ లాగి పక్కనే కూర్చున్నాడు. మొదటి ఫ్లాపీ పెట్టా, వెళ్లింది. రెండోది వెళ్లింది. మూడోది పెట్టగానే డ్రైవు కర్... కర్... అని గోకడం మొదలెట్టింది. తెర మీద అబార్ట్, రిట్రై, ఫెయిల్ అని వచ్చింది. ఆర్ నొక్కా. మళ్లీ కర్... కర్... మళ్లీ నొక్కా. తొమ్మిదిసార్లు లెక్కపెట్టా. పదోసారికి ఆ పెద్దాయన "టీ తాగొస్తాను, నువ్వు చూసుకో బాబూ" అని లేచి వెళ్లాడు. నా మొహం చూడలేక వెళ్లాడని తర్వాత అర్థమైంది.

బొమ్మలు ముందు, కోడు చివర సర్దింది ఆ ప్రోగ్రాము. మొదటి రెండు ఫ్లాపీల్లో పులులు, మేకలు భద్రంగా ఉన్నాయి. ఆట మాత్రం మూడోదాంట్లో ఉంది.

ఆ ఫ్లాపీ ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలీదు. చెమటో, బస్సు వేడో, చవక సరుకో. అది కాదు నా బాధ. కోడు మొత్తం 60 కేబీ లేదు చిట్టీ. దాన్ని విడిగా ఇంకో ఫ్లాపీలోకి ఎక్కించడానికి నిమిషం పట్టేది. ఫార్మాట్‌కి ఒప్పుకునే ముందు మూడూ ఒక్కసారి వేరే మిషన్లో పెట్టి తెరిచి చూస్తే అక్కడే తెలిసిపోయేది, మిషన్ ఫార్మాట్ చేయొద్దనేవాణ్ని. కాపీ తీశానుగా అన్న ధీమా. తీసినదాన్ని తెరిచి చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

ఉద్యోగం ఇచ్చారులే. జీతాల లెక్కల సాఫ్ట్‌వేర్ రాసే పని. ఇరవై ఆరేళ్లు అదే రాశా. ఆట మళ్లీ రాయొచ్చుగా అని నువ్వడుగుతావు. కూర్చున్నా రెండు మూడుసార్లు. చేతులు రాలేదు.

ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను ఓదార్చడానికి అనుకుంటా, "పోతే పోయిందిలే అన్నయ్యా, అయినా దాంట్లో తప్పుంది. ఒక అంచున మేకని పెడితే పులి ఎప్పుడూ తినేది కాదు. నేను అక్కడ మొదలెట్టే గెలిచేదాన్ని" అంది. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అంటే, "చెబితే సరిచేసేస్తావుగా" అంది.

2012లో పేపర్లో ఒక వార్త చదివా. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట నువ్వు ఆడి ఉండవు, మా తరానికి అదొక పిచ్చి. అది రాసిన జోర్డన్ మెక్నర్ 1989 నాటి అసలు కోడు పోగొట్టుకున్నాడు. ఏళ్ల తరబడి వెతికాడు. వాళ్ల నాన్న ఇంట్లో అల్మరా సర్దుతుంటే ఒక పెట్టెలో ఆ పాత డిస్కులు దొరికాయి. పాత మిషన్లు తెలిసినవాళ్లు వచ్చి వాటిని చదివించారు. అంతా బయటికొచ్చింది, ఎవరైనా చూసుకోండని నెట్‌లో పెట్టేశాడు. ఆ ఆటకి సంగీతం కట్టింది కూడా ఆ నాన్నే. ఆటలో పరిగెత్తే మనిషి నడక కోసం తమ్ముణ్ని పరిగెత్తించి వీడియో తీశాడట.

ఆ వార్త చదివి అదే రోజు అటకెక్కా. మీ అత్తయ్య కింద నిచ్చెన పట్టుకుని తిడుతూనే ఉంది. ఇత్తడి గంగాళం, మీ తాతయ్య పంచాంగాలు, దుమ్ము. ఫ్లాపీలు లేవు. కానీ అడుగున ఒక్క కాగితం దొరికింది. రెండంచులా చిల్లులుండే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కాగితం. పులి దూకే పట్టిక. వేలితో ఒక్కొక్క వరసా చదువుకుంటూ వచ్చా. అంచున 14వ చుక్క మీదుగా అటొక దూకుడు, ఇటొక దూకుడు ఉండాలి. రెండు వరసల్లోనూ 14 బదులు 41 అని ఉంది. ఒకటి కొట్టి దాన్నే కాపీ చేసి తిరగేసినట్టున్నా. 41వ చుక్కే లేదు కాబట్టి పులికి అక్కడ మేక కనపడదు. పద్దెనిమిదేళ్ల తర్వాత అటక మీద నా తప్పు దొరికింది.

2013లో వచ్చిన ఏలియన్స్: కలోనియల్ మెరైన్స్ అనే ఆటలో కూడా ఇలాంటిదే. అందులో రాక్షసులు మరీ మొద్దుల్లా తిరుగుతున్నాయని ఆడినవాళ్లంతా తిట్టిపోశారు. కొన్నేళ్లకి ఎవరో సెట్టింగుల ఫైలు తెరిచి చూస్తే టెదర్ అన్న మాట స్పెల్లింగులో ఒక ఏ ఎక్కువ పడి ఉంది. ఆ ఒక్క అక్షరం తీసేస్తే అవి బాగా వెంటపడ్డాయి. జీటీఏ ఆన్‌లైన్ అనే ఆటదీ అంతే. 2021లో ఒక ఆటగాడు, కోడు చేతిలో లేకుండానే, ఆట తెరుచుకోవడానికి తన కంప్యూటర్లో ఆరు నిమిషాలు ఎందుకు పడుతోందో పట్టుకున్నాడు. 63 వేల వస్తువుల జాబితా చదువుతూ, ఒక్కొక్క ముక్కకీ మొత్తం ఫైలు పొడవు మొదట్నుంచీ కొలుస్తోందట. సరిచేస్తే రెండు నిమిషాల్లోపుకి దిగింది. కంపెనీవాళ్లు ఒప్పుకుని, 10,000 డాలర్లు చేతిలో పెట్టారు.

అందుకని నీ పడవ సగం ములిగేలా ఉన్నప్పుడే నలుగురికి ఇచ్చెయ్యి. వాళ్లు ఆడుతుంటే పక్కన కూర్చో, నోరు మాత్రం మూసుకో. ముఖ్యంగా గెలిచేవాళ్లని గమనించు. ఓడినవాళ్లు వాళ్లంతట వాళ్లే చెబుతారు. గెలిచేవాళ్లు మీ అమ్మలా దాచుకుంటారు.

కోడు గిట్‌లో ఉంది మామయ్యా, మార్చినప్పుడల్లా పాతది కూడా దాచిపెడుతుంది, పోదు అంటావు. బొమ్మలు, పాటలు, నోట్‌బుక్కులో గీతలు కూడా ఉన్నాయా? టాయ్ స్టోరీ 2 తీసేటప్పుడు, 1998లో, ఎవరో కొట్టిన ఒక్క డిలీట్ కమాండుకి సినిమా చాలావరకు చెరిగిపోయింది. బ్యాకప్ ఉందిగా అని చూస్తే అది సరిగ్గా పనిచేయట్లేదు. చంటిబిడ్డ ఉందని ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే ఆవిడ కంప్యూటర్లో ఒక కాపీ ఉంది కాబట్టి గట్టెక్కారు. అంత పెద్ద స్టూడియోకే దిక్కులేదు, నువ్వెంత.

ప్రతి నెలా మొదటి ఆదివారం మొత్తం ఆట ఒక డ్రైవులో వేసి నాకు పంపు. నేనేం బీరువాలో దాచను. తెరుస్తా, మొదట్నుంచీ చివరిదాకా ఆడతా, నడిచిందో లేదో సాయంత్రానికల్లా ఫోన్ చేసి చెబుతా. కొరియర్ ఖర్చు నాది. ఒక టెరాబైటు డ్రైవు కొని పంపుతున్నా, ఈ ఉత్తరంతోపాటే వస్తుంది.

రాత్రి రెండింటి దాకా కూర్చోకు. మణికట్టు నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపేయాలి, బామ్ రాసుకుని కొనసాగించడం కాదు. నా కుడిచెయ్యి ఇప్పుడు జాడీ మూత తిప్పలేదు.

ఇంకొకటి అడుగుతా, కుదరకపోతే వదిలెయ్యి. అటారీ అనే పాత వీడియో గేమ్ కంపెనీ రోజుల్లో ఆట మీద రాసినవాడి పేరు వేసేవాళ్లు కాదు. వారెన్ రాబినెట్ అనే ఆయన అడ్వెంచర్ ఆటలో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్య గది కట్టి అందులో తన పేరు పెట్టుకున్నాడు. ఆ గదిలోకి వెళ్లాలంటే కంటికి ఆననంత చిన్న బూడిదరంగు చుక్క ఒకటి మోసుకెళ్లాలి. ఒక కుర్రాడు కనిపెట్టి ఉత్తరం రాసేదాకా కంపెనీకే తెలీదు. అప్పటికి ఈయన అక్కణ్నుంచి వెళ్లిపోయాడు.

నీ ముసలాయన పడవ ఏదో ఒక లంకలో ఆగుతుంది కదా, అక్కడ ఒక పాత మంటపం గీయి. బండ మీద పులి-మేక బల్ల పెట్టు. ఆడేవాళ్లు ఆడతారు, లేకపోతే లేదు. ఆ అటక మీది కాగితం ఫొటో తీసి పంపుతున్నా, పట్టిక అలాగే దించుకో. 14వ చుక్క దగ్గర 41 అనే ఉంచు. మీ అమ్మకి మాత్రం ముందుగా చెప్పకు.

మీ మామయ్య