ఆవిరి 540 డిగ్రీలున్నా దక్షత 36 శాతమేనా?

ప్రశ్న: మా నాన్నగారు ఎన్నూరు వైపు ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేస్తారు. బొగ్గు యూనిట్ దక్షత, అంటే బొగ్గు వేడిలో విద్యుత్తుగా మారే భాగం, 36 శాతం వస్తే బాగా నడుస్తున్నట్టే అంటారు. ఆవిరి 540 డిగ్రీలు, దాన్ని చల్లార్చే సముద్రపు నీరు 30 డిగ్రీలు అనుకుని, దక్షత గరిష్ఠంగా ఎంత ఉండగలదో చెప్పే కార్నో సూత్రంతో లెక్కవేస్తే నాకు 94 శాతం వచ్చింది. ఇంత తేడా ఎందుకు?
— ఇంజినీరింగ్ విద్యార్థి, పెరంబూరు, చెన్నై

జవాబు: మొదటి పొరపాటు డిగ్రీల్లోనే ఉంది. కార్నో సూత్రంలో సెల్సియస్ అంకెలు పనికిరావు. వాటికి 273 కలిపి కెల్విన్‌లోకి మార్చాలి. అప్పుడు 303ని 813తో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసివేస్తే దాదాపు 63 శాతం వస్తుంది. సెల్సియస్‌లో సున్నా అంటే నీరు గడ్డకట్టే చోటే తప్ప వేడి పూర్తిగా లేని చోటు కాదు కాబట్టి, ఆ అంకెల నిష్పత్తికి అర్థం ఉండదు.

ఇక 63 నుంచి 36కు దిగడమే అసలు విషయం. సాదీ కార్నో 1824లో చూపిన హద్దు, వేడినంతా గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గరే తీసుకునే ఆదర్శ యంత్రానికి వర్తిస్తుంది. బాయిలర్‌లో అలా జరగదు. నీరు సుమారు 240 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చి, అధిక పీడనంలో 340 డిగ్రీల ప్రాంతంలో మరిగి, ఆ తరువాతే 540కి చేరుతుంది. అంటే వేడిలో ఎక్కువ భాగం అంతకంటే చాలా తక్కువ ఉష్ణోగ్రతల దగ్గరే లోపలికి చేరుతుంది. సగటున 350 డిగ్రీలు, అంటే 623 కెల్విన్, అనుకుందాం. టర్బైన్ దాటిన ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌లో ఆవిరి కూడా సముద్రపు నీటి ఉష్ణోగ్రతకు దిగదు, 40 డిగ్రీల దగ్గర, అంటే 313 కెల్విన్ వద్ద, నీరవుతుంది. ఈ రెండింటితో లెక్కవేస్తే హద్దు 50 శాతానికి పడిపోతుంది. చిమ్నీ గుండా పోయే వేడి, టర్బైన్‌లో ఘర్షణ, కేంద్రం సొంతానికి వాడుకునే పంపులు, ఫ్యాన్ల విద్యుత్తు తీసివేస్తే మిగిలేది మీ నాన్నగారు చెప్పిన అంకెకు దగ్గరగానే ఉంటుంది.

ఇదే లెక్కలో వేడి వైపు సగటును 10 డిగ్రీలు పెంచితే హద్దు 0.8 శాతం మేర పెరుగుతుంది. చల్లని వైపు 10 డిగ్రీలు తగ్గిస్తే 1.6 మేర, అంటే రెట్టింపు. అయితే సముద్రాన్ని చల్లబరచడం మన చేతిలో లేదు కనుక ఇంజినీర్లు మరింత వేడి ఆవిరిని తట్టుకునే లోహాల వెంటే పడ్డారు, అది న్యాయమే.

కేంద్రంలో పనిచేసేవారు మాత్రం కార్నో జోలికి పోరు, ‘హీట్ రేట్’, అంటే ఒక యూనిట్ విద్యుత్తుకు ఎన్ని కిలో కేలరీల వేడి ఖర్చయిందో, అడుగుతారు. ఒక యూనిట్ (కిలోవాట్ అవర్) విద్యుత్తు 860 కిలో కేలరీలకు సమానం. కిలోకు 4,000 కిలో కేలరీలిచ్చే బొగ్గు, ఒక యూనిట్ విద్యుత్తుకు 600 గ్రాములు కాలితే హీట్ రేట్ 2,400 అవుతుంది. 860ని దానితో భాగిస్తే 35.8 శాతం. మీ నాన్నగారి దగ్గర హీట్ రేట్ కనుక్కుంటే, వారి యూనిట్‌కు ఇదే భాగహారం మీరే చేయవచ్చు.