టికెట్‌లో ఎనిమిది గంటలు ఎందుకుందంటే

లండన్ నుంచి న్యూయార్క్ సుమారు 5,550 కిలోమీటర్లే కదా, గంటకు 900 చొప్పున ఆరు గంటలు చాలు, టికెట్‌లో ఎనిమిది ఎందుకుందని అడిగారు. మీ లెక్క తప్పు కాదండీ, అందులో గాలిని కలపలేదు, అంతే. దాదాపు పది కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. చలికాలంలో ఒక్కోసారి దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. వెళ్లేటప్పుడు విమానం దానికి ఎదురెళ్లాలి. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఏడు గంటల్లో దిగిపోతారు. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, అక్కడ క్యూలో ఆగడం కూడా టికెట్ సమయంలోనే కలిసి ఉంటాయి.

ఉదయం 11కు బయల్దేరి మధ్యాహ్నం 2కు దిగుతారని చూసి మూడు గంటలే అనుకోకండి. ఏ ఊరి టైమ్ ఆ ఊరిది, మామూలుగా మధ్యలో ఐదు గంటల తేడా ఉంటుంది.