‘ది మ్యాట్రిక్స్’లోని జయాన్ నగరం పేరు హీబ్రూదేనా?

అవును, 1999 నాటి ‘ది మ్యాట్రిక్స్’ సినిమాలో మనుషులకు మిగిలిన చివరి నగరం జయాన్ పేరు హీబ్రూ బైబిల్‌లోదే. తెలుగు బైబిల్‌లో దాన్నే సీయోను అంటారు. మొదట అది జెరూసలేంలోని ఒక కొండ పేరు, తర్వాత ఊరంతటికీ వాడుకైంది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో బబులోను సైన్యం ఆ ఊరిని కూల్చి యూదుల్ని చెరపట్టుకుపోయాక, సీయోను అంటే పోగొట్టుకున్న సొంత ఊరు అనే భావం బలపడింది. యంత్రాలకు దొరక్కుండా భూమి లోతున దాక్కున్న మనుషుల ఊరికి ఇంతకన్నా అతికే పేరు దొరకదు.

అదే సినిమాలోని ఓడ నెబుకద్నెజర్ పేరు కూడా హీబ్రూదే అనుకుంటారు చాలామంది. కాదు, అది బబులోను రాజు పేరు, అక్కడి అక్కాడియన్ భాషది. తమాషా ఏమిటంటే, జెరూసలేంను కూల్పించింది ఆయనే!