ఆక్సిజన్ 97 ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు సన్నబడి ఆయాసం వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. పోయిన నెల ఆయాసం ఎక్కువైతే ఐసీయూలో బైపాప్ (మాస్కుతో గాలి ఒత్తిడి ఇచ్చి ఊపిరికి సాయం చేసే మెషిన్) పెట్టారు. తర్వాత ముక్కు దగ్గర సన్న ట్యూబ్ పెట్టి కార్బన్ డయాక్సైడ్ చూశారు, 54 అని వచ్చింది. అది రోజంతా ఉంచితే ప్రమాదమా? ఇంటికి కొనుక్కోవచ్చా? ఇంట్లో ఆక్సిజన్ 89 చూపిస్తోందని ఆక్సిజన్ ఇచ్చే కాన్సన్‌ట్రేటర్ మెషిన్‌ని నిమిషానికి 5 లీటర్లకి పెంచాం, ఇప్పుడు 97 వస్తోంది. నిద్ర పట్టట్లేదంటే వారం నుంచి మెడికల్ షాపులో అడిగి అల్ప్రాజోలమ్ వేస్తున్నాం. పొద్దున్నే తలనొప్పి అంటున్నారు, పదింటి దాకా మత్తుగా ఉంటున్నారు.
- ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

డాక్టర్ సలహా: అమ్మా, మీరు అడిగింది ట్యూబ్ గురించి, కానీ నాకు భయం వేసింది మీ చివరి మూడు లైన్లు చూసి. ఈ రోజే నాన్నగారిని హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, మీ పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) దొరక్కపోతే కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకైనా సరే, రేపు చూద్దాంలే అనుకోవద్దు. పొద్దున తలనొప్పి, మత్తు అంటే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందేమో అని ముందు అనుమానించాలి, అవునో కాదో ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే) రక్తపరీక్ష చేస్తేనే తేలుతుంది.

కోవిడ్ తర్వాత ప్రతి ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంది, మంచిదే, కానీ అది ఆక్సిజన్ ఒక్కటే చెప్తుంది. ఆక్సిజన్ పెట్టి ఉన్న మనిషికి ఊపిరి మందగించినా చాలాసేపు 97 అనే చూపించొచ్చు, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతున్నా దానికి తెలీదు. హాస్పిటల్లో ఆ ట్యూబ్ పెట్టేది అందుకే. వదిలిన గాలిలోంచి కొంచెం లాక్కుని ప్రతి శ్వాసకీ కొలుస్తుంది, మామూలుగా 35 నుంచి 45 ఉండాలి. దాని వల్ల ఊపిరితిత్తులకి హాని లేదు. ట్యూబ్‌లో తేమ చేరినా, మడత పడినా, నోటితో ఊపిరి తీసుకున్నా నంబర్ తప్పుగా తక్కువ చూపించొచ్చు. సీఓపీడీ వాళ్లకైతే రక్తంలో అసలు విలువ సాధారణంగా ఇంకా ఎక్కువే ఉంటుంది, కాబట్టి 54 అంటే తేలిగ్గా తీసుకునేది కాదు. ఇంకోటి, హాస్పిటల్లో ఆ మెషిన్ అలారం మోగుతోందని అటెండెంట్లు బటన్ నొక్కి ఆపేస్తుంటారు, ఆ పని అస్సలు చెయ్యొద్దు, ముందు సిస్టర్‌ని పిలవండి.

ఇలాంటి పేషెంట్లకి మేము సాధారణంగా ఆక్సిజన్ 88 నుంచి 92 చాలంటాం. అంటే మీరు కంగారు పడ్డ 89 సరిపోయే నంబరే! ఎక్కువ ఆక్సిజన్ కొందరిలో కార్బన్ డయాక్సైడ్‌ని ఇంకా పెంచుతుంది. అలాగని కాన్సన్‌ట్రేటర్‌ని ఒక్కసారిగా ఆపెయ్యకండి, ఎన్ని లీటర్లో డాక్టర్‌తో ఫోన్‌లోనైనా మాట్లాడి మార్చండి.

ఇక ఆ నిద్రమాత్ర. చీటీ లేకుండా ఇచ్చిన షాపువాడిదీ తప్పే, అడిగి తెచ్చిన మీదీ తప్పే తల్లీ. ఊపిరి అంతంతమాత్రంగా ఉన్న మనిషికి అది శ్వాసని ఇంకా మందగిస్తుంది, దగ్గు మందుల్లో కోడీన్, నొప్పికి వేసే ట్రమడాల్ కూడా అంతే. డాక్టర్ చూసేదాకా ఈ రాత్రి ఇవ్వొద్దు, ఇదివరకు నెలల తరబడి వాడి ఉంటే మాత్రం ఆ సంగతి వాళ్లకి చెప్పండి.

ఇంటికి ఆ కార్బన్ డయాక్సైడ్ కొలిచే మెషిన్ అక్కర్లేదు, అవసరమైతే ఇంట్లో బైపాప్ గురించి వాళ్లే చెప్తారు. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, ఆ మాత్రల షీటు పట్టుకెళ్లండి. పిలిస్తే సరిగా పలక్కపోయినా, మాట తడబడినా, చేతులు వణుకుతున్నా ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చెయ్యండి.