నీ కథలోని నవాహో తాత

తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. అరిజోనా ఎడారిలో కారు చెడిపోయిన తెలుగు కుర్రాడు, అతన్ని చేరదీసిన, నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన తాత. కుర్రాడు ఫోన్లో అమ్మకి అబద్ధం చెప్పే చోట నాకు కళ్ళు తడిశాయి. అతని గురించి నేను చెప్పేదేమీ లేదు. తాత గురించే ఈ ఉత్తరం.

తాత తలమీద ఈకల కిరీటం పెట్టి, టీపీ గుడారంలో కూర్చోబెట్టావు. అవి మైదానాల్లో బతికిన లకోటా, షయాన్ లాంటి జాతులవి. నవాహోల సంప్రదాయ ఇల్లు హోగన్. దుంగలతో, మట్టితో కట్టి, గుమ్మం తూర్పుకి పెడతారు. అమెరికా ప్రభుత్వం గుర్తించిన తెగలే 570కి పైగా ఉన్నాయి. అందరికీ ఒకటే వేషం ఎలా కుదురుతుంది? సరే, ఇది దిద్దుకోవడం తేలిక. దిద్దాక కూడా మిగిలిపోయే తప్పు ఇంకోటుంది, నా బాధంతా దాని గురించే.

నీ తాతకి పేరు లేదు. పెళ్ళాం పిల్లలు లేరు, పనీ పాటా లేదు, అప్పులూ లేవు. నోరు విప్పితే సూక్తులే. కుర్రాడికి మనశ్శాంతి ఇచ్చి తెల్లారేసరికి చనిపోతాడు. నువ్వు గౌరవంతోనే రాశావని నాకు తెలుసు. కానీ ఆ గౌరవంతోనే ఆయన్ని ఈ కాలం నుంచి బయటికి నెట్టేశావు.

ఇది నీతో మొదలైంది కాదు. 1904లో ఎడ్వర్డ్ కర్టిస్ అనే ఫొటోగ్రాఫర్, గుర్రాల మీద చీకట్లోకి వెళ్ళిపోతున్న నవాహోలను వెనకనుంచి ఫొటో తీసి 'అంతరించిపోతున్న జాతి' అని పేరు పెట్టాడు. 1910 ప్రాంతంలో ఆయనే పీగన్ జాతివాళ్ళ గుడారంలో ఇంకో ఫొటో తీశాడు. ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఉంటారు, వాళ్ళ మధ్య ఒక అలారం గడియారం. అచ్చయిన ప్రతిలో ఆ గడియారం లేదు, చెరిపేశారు! రెండూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, పక్కపక్కన పెట్టుకుని చూడు. గడియారం ఉన్న మనిషి చూసేవాళ్ళకి 'అసలైన' ఆదివాసీగా కనిపించడన్న భయం తప్ప దానికి ఇంకో కారణం నాకు తోచదు. అంతరించిపోతున్నారన్న ఆ నవాహోలు ఇవాళ తెగ సభ్యులుగా నమోదైనవాళ్ళే దాదాపు 4 లక్షల మంది.

ఎలాగూ పోయేవాళ్ళే అని లోకం నమ్మితే, వాళ్ళ పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకుపోవడం కూడా పుణ్యకార్యంలా కనిపిస్తుంది. పెన్సిల్వేనియాలో కార్లైల్ బోర్డింగ్ స్కూలు 1879లో అలాగే మొదలైంది. అక్కడ చేరిన టామ్ టోర్లినో అనే నవాహో యువకుడికి 1882లో తీసిన ఫొటోలో పొడుగు జుట్టు, చెవిపోగులు, భుజాల మీద దుప్పటి ఉంటాయి. 1885 నాటి ఫొటోలో క్రాపు, కోటు, టై. మొహం రంగు కూడా తెల్లబడినట్టు కనిపిస్తుంది. ఈ రెండు ఫొటోల్నీ కలిపి స్కూలు ప్రచారానికి వాడుకున్నారు. నవాహోగానే ఉంటూ ఈ కాలంలో బతికే మనిషికి కర్టిస్ ఫొటోలోనూ చోటు లేదు, ఈ ఫొటోల్లోనూ లేదు.

మంచిగానే చూపించాను కదక్కా అంటావేమో. స్టెఫనీ ఫ్రైబర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటల జట్లు గుర్తుగా వాడుకునే 'అమెరికన్ ఇండియన్' (అక్కడి ఆదివాసీల) బొమ్మల్ని ఆదివాసీ విద్యార్థులకు చూపించారు. ఆ బొమ్మలు చూసి పిల్లలకు తట్టిన మాటల్లో మంచివే ఎక్కువ. అయినా వాళ్ళ ఆత్మగౌరవం తగ్గింది. తమలాంటి మనిషి ఇంతకంటే ఇంకేమీ కాలేడని ఆ బొమ్మ చెబుతుంది మరి. నీ తాత కూడా అదే చెబుతున్నాడు.

మనకిది అలవాటైపోయిన చూపు. జోస్యం చెప్పే కోయదొర వేషం, సినిమాల్లో ఆకులు చుట్టుకుని గెంతే గుంపు చూస్తూ పెరిగాం. మన కథల్లో కోయ టీచరమ్మ, గోండు నర్సు ఎంతమంది కనిపించారు చెప్పు? నీ కలం దానంతటదే అటు పోయిందంటే ఆశ్చర్యం లేదు.

మరి తాతని ఎలా రాయాలి? నీ కథలోనే దారి ఉంది. తాత గడపలోకి రాగానే కుర్రాడికి మంచినీళ్ళు ఇస్తాడు. కుర్రాడు గటగటా తాగేసి ఎడారి కరుణ గురించి ఏదో అనుకుంటాడు. ఆ నీళ్ళు ఎక్కడివి? నవాహో ప్రాంతంలో మూడో వంతుకి దగ్గరగా ఇళ్ళలో కుళాయి లేదు. పికప్ ట్రక్కులో ట్యాంకు పెట్టుకుని మైళ్ళ దూరం వెళ్ళి తెచ్చుకునేవాళ్ళు ఎంతోమంది. దగ్గర్లో బావి ఉన్నా తాగడానికి భయం. 1944 నుంచి 1986 దాకా అక్కడ యురేనియం తవ్వి, 500కి పైగా గనుల్ని అలాగే వదిలేశారు. 1979 జులైలో చర్చ్ రాక్ అనే చోట యురేనియం మిల్లు చెరువు కట్ట తెగి రేడియోధార్మిక వ్యర్థాలు పుయెర్కో నదిలో కలిశాయి. 1868లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం తమకు నీళ్ళు దక్కేలా చూడాలని నవాహోలు కోర్టుకెళితే, ఆ బాధ్యత ప్రభుత్వానికి లేదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. ఇదంతా కథలో కుక్కమనడం లేదు. ఇది తెలిసిన మనిషిగా తాత ఆ గ్లాసు అందించాలి. అతిథికి ఇంకో గ్లాసు పోస్తూ, ట్యాంకులో ఎంత మిగిలిందో ఆయన మనసులో లెక్క వేసుకోడూ?

ఆయనకి పేరు పెట్టు. నవాహోలు పరిచయం చేసుకునేటప్పుడు తల్లి వంశం ముందు, తండ్రి వంశం తర్వాత చెప్పుకుంటారు, ఆయన్నీ అలాగే మాట్లాడించు. వాళ్ళ రాజధాని విండో రాక్‌లో వాళ్ళకి సొంత కౌన్సిల్ ఉంది, కోర్టులున్నాయి, పోలీసులున్నారు. 1968 నుంచి సొంత కాలేజీ నడుస్తోంది. మనవరాలు అందులో చదువుతుండొచ్చు, తాతతో రాజకీయాల మీద పోట్లాడుతుండొచ్చు.

కథలో నువ్వు వర్ణించిన నవాహోల చికిత్స తంతు మాత్రం తీసెయ్యి. అందులో ఇసుకతో వేసే చిత్రాన్ని తంతు ముగియగానే చెరిపేస్తారు. అమ్మకానికి చేసేవాటిలో కావాలనే మార్పులు చేస్తారు. అంత జాగ్రత్తగా దాచుకున్నదాన్ని మనం గీత గీతా వర్ణించడం ఏం మర్యాద? కయోటీ నక్క కథలు వాళ్ళు చలికాలంలోనే చెప్పుకుంటారు. నీ తాత నడి వేసవిలో చెప్పాడు. నవాహో పాఠకుడు ఆ పేజీ దాటి ముందుకు రాడు.

తిరగరాసే ముందు నవాహో కవులు, కథకులు రాసినవి చదువు. రాశాక ఇంగ్లీషులోకి మార్చి ఒక నవాహో పాఠకుడికి చూపించు. వాళ్ళ సమయానికి డబ్బివ్వు. వాళ్ళు తీసెయ్యమన్నది నీకెంత ఇష్టమైన వాక్యమైనా సరే, వాదించకుండా తీసెయ్యి. ఇదంతా అయ్యేదాకా పత్రికకు పంపకు. ఇంకోమాట, ఆఖర్లో తాతని చంపొద్దు. కుర్రాడికి బుద్ధి రావడానికి ఆయన పోనక్కర్లేదు.

నీ అక్క