దిగులు తిరగబెట్టకుండా ధ్యానం ఎంతవరకు కాస్తుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మాది పొందూరు, నా వయసు 46. మా అమ్మ చనిపోయిన ఏడాది ఒకసారి, 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలోని మా పుట్టింటి కొబ్బరితోట నేలమట్టమయ్యాక మరోసారి నాకు డిప్రెషన్ వచ్చింది. రెండుసార్లూ మందులతోనే కోలుకున్నాను. రెండోసారి వచ్చినప్పటి నుంచి రాత్రిపూట ఒక మాత్ర కొనసాగుతోంది. మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం నేర్చుకుంటే ఈ జబ్బు ఇక రాదని, మాత్ర కూడా మానేయవచ్చని మా బంధువుల అమ్మాయి చెబుతోంది. తీరా కూర్చుంటే రెండు నిమిషాలైనా నా మనసు నిలవడం లేదు. అది బౌద్ధుల సాధన, మనకెందుకని మా అత్తగారు అంటున్నారు. నన్నేం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: అమ్మా, ముందు మాత్ర సంగతి తేల్చుకుందాం. ధ్యానం మొదలుపెట్టాను కదా అని మందు మానేసే నిర్ణయం మీ అంతట మీరు తీసుకోకండి. డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర చెదరడం, చిరాకు వంటి ఇబ్బందులు రావచ్చు. అవి మందు ఆపినందువల్ల వచ్చాయో, జబ్బు తిరగబెట్టడం వల్ల వచ్చాయో తేల్చుకోవడం ఒక్కోసారి వైద్యులకే కష్టమవుతుంది. మీ బంధువుల అమ్మాయి మాటలో నిజం లేకపోలేదు కాని, ఆ నిజానికి కొన్ని హద్దులున్నాయి.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఈ క్షణంలో మనలో జరుగుతున్నదాన్ని ఉన్నదున్నట్టు గమనించడం. ఆసుపత్రుల్లో దాని శిక్షణకు 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ శ్రీకారం చుట్టారు. చికిత్సలకు సరిగా లొంగని దీర్ఘకాలపు నొప్పులతో, ఒత్తిడితో బాధపడేవారికి ఎనిమిది వారాల పాటు నేర్పేందుకు ఆయన దానిని రూపొందించారు. తరవాత సెగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు దానికి కాగ్నిటివ్ థెరపీని, అంటే ఆలోచనల తీరును సరిచూసుకోవడం నేర్పే మాటల చికిత్సను జోడించి, డిప్రెషన్ నుంచి కోలుకున్నవారికి అది తిరగబెట్టకుండా ఉండేందుకు వేరే శిక్షణ తయారుచేశారు. 145 మందితో చేసిన మొదటి పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. అంతకుముందు మూడుసార్లు, లేదా అంతకన్న ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవారిలో, మామూలు వైద్యం మాత్రమే అందినవారిని చూస్తే 60 వారాల్లో నూటికి 66 మందికి జబ్బు తిరగబెట్టింది. శిక్షణ సక్రమంగా తీసుకున్నవారిలో 37 మందికే తిరగబెట్టింది. రెండుసార్లే వచ్చినవారిలో మాత్రం అటువంటి తేడా కనిపించలేదు. మీకు వచ్చింది రెండుసార్లు. ఈ ఒక్క సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు.

మందు మానడం గురించి కూడా పరిశోధన జరిగింది. ఇంగ్లండులో 424 మందిని రెండేళ్ల పాటు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ధ్యాన శిక్షణ తీసుకుంటూ వైద్యుల పర్యవేక్షణలో మందు మెల్లమెల్లగా తగ్గించుకున్నవారిలో నూటికి 44 మందికి, మందు కొనసాగించినవారిలో 47 మందికి జబ్బు మళ్లీ వచ్చింది. వారందరూ అప్పటికే మూడుసార్లో, అంతకన్న ఎక్కువసార్లో ఆ బాధ పడ్డవారే. ధ్యానం మందుకు దీటుగా నిలిచిందని దీనిని బట్టి సంతోషించవచ్చు. అయితే రెండు వైపులా సగానికి కాస్త తక్కువ మందికి జబ్బు తిరిగి వచ్చిందన్నది కూడా అందులోనే ఉంది కనుక, ఇక రాదు అనే మాట మీకు ఎవరిచ్చినా నమ్మకండి.

అయినా మిమ్మల్ని నేర్చుకోమనే చెబుతాను. ఎందుకో చెప్పాలంటే ఈ జబ్బు ఎలా తిరగబెడుతుందో కొంచెం చూడాలి. ఒకసారి తీవ్రంగా కుంగిపోయిన మనిషికి, ఆనాటి దిగులుతో పాటు ఆనాటి ఆలోచనలు కూడా ముడిపడి లోపల ఉండిపోతాయి. కొన్నేళ్ల తరవాత ఒకనాడు నిద్ర చాలకో, ఎవరో ఏదో అన్నందుకో మనసు కాస్త చిన్నబోతుంది. ఇతరులకైతే అది సాయంత్రానికి పోతుంది. మీకు మాత్రం ఆ చిన్న దిగులే పాత ఆలోచనలను నిద్ర లేపుతుంది: ‘మళ్లీ మొదలైంది, నాకే ఎందుకిలా, నా వల్ల ఇంట్లో ఎవరికీ సుఖం లేదు.’ దాని గురించి ఆలోచించి బయటపడదామని మీరు ఎంత తవ్వితే గొయ్యి అంత లోతవుతుంది. దిగులును ఎవరూ ఆపలేరు. దిగులు వచ్చాక ఆ తవ్వకం మొదలయ్యే క్షణాన్ని పసిగట్టడం మాత్రం నేర్చుకోవచ్చు, ఈ ధ్యానం నేర్పేది అదే.

ఇందులో మన భాష మనకు చక్కగా అక్కరకు వస్తుంది. ‘నేను ఎందుకూ పనికిరాను’ అనుకోవడానికి, ‘నేను ఎందుకూ పనికిరాను అని ఒక ఆలోచన వచ్చింది’ అనుకోవడానికి మధ్య ఉన్న దూరం ‘అని’ అనే రెండక్షరాలే. మొదటి వాక్యంలో మీరు నేరస్థురాలు, రెండో వాక్యంలో సాక్షి. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి ఎన్ని సిద్ధాంతాలు వివరించినా ఎక్కనిది, ఈ ‘అని’ చేర్చి చూడమంటే ఎక్కుతుంది. ఆలోచన తప్పని వాదించనక్కరలేదు, తరిమివేయనక్కరలేదు. వచ్చిందని గుర్తిస్తే చాలు.

మనసు రెండు నిమిషాలు నిలవడం లేదని రాశారు. నిలవకపోవడం మీ లోపం కాదు. అది నిలుస్తుందని ఈ పద్ధతిలో ఎవరూ ఆశించరు కూడా. మీరు పొందూరులో ఉంటున్నారు కనుక ఒక సంగతి గుర్తుచేస్తాను. నేనొకసారి మీ ఊళ్లో నూలు వడికే ఒక పెద్దావిడ పక్కన చాలాసేపు కూర్చున్నాను. వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసిన పత్తితో ఏకులు తయారుచేసుకుని, ఎడమచేత్తో ఏకు పట్టుకుని, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఉంటే సన్నటి పోగు కదురుకు చుట్టుకుంటోంది. నేనున్నంతసేపట్లో పోగు ఎన్నోసార్లు తెగింది. తెగినప్పుడల్లా ఆవిడ రాట్నం ఆపి, తెగిన కొసను ఏకుకు ఆనించి మళ్లీ తిప్పేది. విసుక్కోలేదు, నూలును తిట్టలేదు, తన చేతివాటం పోయిందని బాధపడలేదు. మీరు ఊపిరిని గమనిస్తూ కూర్చున్నప్పుడు మనసు అటకమీది సామాన్ల దగ్గరకో, తెగిపోయిన చుట్టరికం దగ్గరకో పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే తిరిగి ఊపిరికి ఆనించండి. పది నిమిషాల్లో నలభైసార్లు పోతే నలభైసార్లు ఆనించండి. సాధన అంటే ఆ అతకడమే. అది జరిగిన నాడు ధ్యానం కుదరలేదని మాత్రం అనుకోకండి.

మొదటి వారం ఊపిరి జోలికే పోకుండా శరీరంతో ప్రారంభించండి. చాప మీద వెల్లకిలా పడుకుని ఎడమకాలి వేళ్ల నుంచి మొదలుపెట్టి పాదం, పిక్క, మోకాలు అంటూ నడినెత్తి దాకా ఒక్కొక్క చోట కాసేపు నిలిచి, అక్కడ వెచ్చగా ఉందో, తిమ్మిరిగా ఉందో, ఏమీ తెలియడం లేదో గమనిస్తూ రండి. శిక్షణలో దీనికి సుమారు ముప్పావుగంట కేటాయిస్తారు. ఇంటిపని చేసుకునే మీరు ఇరవై నిమిషాలతో మొదలుపెట్టినా తప్పులేదు. నిద్ర పట్టేస్తే తలగడ తీసేసి, కళ్లు తెరిచి చేయండి. అక్కడ మొదటి పాఠంలో ఒక్క కిస్‌మిస్ పండు చేతికిచ్చి తినమంటారు. మనకు పలాస జీడిపప్పు ఉండగా ఆ పండుకోసం వెతకనక్కరలేదు. ఒకే ఒక్క గింజ అరచేతిలో పెట్టుకుని దాని వంపు, రెండు బద్దల మధ్య గీత, వేలికి తగిలే నునుపు చూడండి. వాసన చూడండి. నాలుక మీద పెట్టుకుని వెంటనే కొరకకుండా, నోట్లో నీరూరడం గమనించి, అప్పుడు ఒక్కసారి కొరకండి. రోజూ గుప్పెడు తినే గింజను మనం నిజానికి ఎన్నడూ తినలేదని అప్పుడు తెలుస్తుంది. ఇది కుదిరాక గిన్నెలు తోమేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు కూడా ఇదే చూపు నిలుపుకోవచ్చు.

ఇంకొకటి, పగటిపూట అక్కరకు వచ్చే మూడు నిమిషాల సాధన. మొదటి నిమిషం ‘ఇప్పుడు నాలో ఏముంది’ అని ఆలోచనను, మనసు బరువును, ఒంటి బిగువును ఉన్నదున్నట్టు చూడాలి. రెండో నిమిషం ఊపిరి ఒక్కదాని మీదికే రావాలి. మూడో నిమిషం ఆ ఎరుకను ఒళ్లంతటికీ పరచి, చేతిలోని పనికి తిరిగి వెళ్లాలి. దీనితో పాటు, గత రెండుసార్లూ జబ్బు ముదరక ముందు మీలో కనిపించిన మార్పులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడమో, ఫోను మోగినా ఎత్తబుద్ధి కాకపోవడమో, కూరలో ఉప్పు వేసిందీ లేనిదీ గుర్తులేకపోవడమో. వాటిలో రెండు వరసగా వారం రోజులు కనిపిస్తే ధ్యానం సమయం పెంచుకుంటూ కూర్చోకుండా, మీ డాక్టరును కలవండి.

మరో హెచ్చరిక. ఈ సాధన ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో నేర్చుకోవలసినది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, మంచం దిగలేని స్థితిలో దీనిని మొదలుపెడితే కళ్లు మూసుకోగానే చీకటి ఆలోచనలే చుట్టుముట్టవచ్చు. చనిపోవాలన్న తలపు ఎప్పుడైనా వస్తే ఇంట్లోవారికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అత్తగారికి నా మాటగా ఇలా చెప్పండి. ఆవిడ అన్నది నిజమే, మూలం బౌద్ధమే. మైండ్‌ఫుల్‌నెస్ అని ఇంగ్లీషువారు అనువదించుకున్న పాలీ మాట ‘సతి’; సంస్కృతంలో ‘స్మృతి’ అంటే అదే. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద, రామతీర్థం దగ్గర గురుభక్తులకొండ మీద భిక్షువులు ఉండి వెళ్లిన ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి కనుక, ఇది మన నేలకు పరాయిది కూడా కాదు. ఆసుపత్రుల్లో నేర్పే దానిలో మంత్రం లేదు, దీక్ష లేదు. ఆవిడ సాయంత్రం దీపం పెట్టడానికీ, మీరు ఇరవై నిమిషాలు చాప మీద పడుకోవడానికీ పేచీ ఏమీ లేదు.

ప్రశ్న: నేను విజయనగరంలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రెండేళ్లుగా ఆందోళన ఎక్కువగా ఉంది. ఫోనులో ఒక యాప్ పెట్టుకుని ఊపిరిని గమనిస్తే గుండె దడ ఇంకా పెరుగుతోంది. నాకు ఈ ధ్యానం సరిపడదా?
– ఒక అభ్యర్థి, విజయనగరం

జవాబు: మీకు సరిపడనిది ధ్యానం కాదు, ఊపిరి. ఆందోళన ఉన్నవారు అసలే తమ గుండెకు, శ్వాసకు కాపలా కాస్తుంటారు. వారిని మళ్లీ శ్వాసనే చూడమంటే ఆ కాపలా ఇంకా గట్టిపడుతుంది. కళ్లు తెరిచి కూర్చుని అరికాళ్లు నేలకు ఆనిన చోటును గమనించండి, లేదా వీధిలోని చప్పుళ్లను వినండి. అంతకన్న మేలైనది నడక. తెల్లవారాక అయ్యకోనేరు గట్టు మీద, చెవిలో పాటలు లేకుండా, మడమ ఆనడం, బరువు ముందుకు జరగడం, వేళ్లు లేవడం చూసుకుంటూ పదిహేను నిమిషాలు నడవండి. పక్కన నడిచేవారికి మీరేదో సాధన చేస్తున్నట్టు తెలియను కూడా తెలియదు.

ఆందోళన జబ్బులున్న 276 మందితో అమెరికాలో చేసి 2022లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, కబాట్-జిన్ పద్ధతిలోని ఎనిమిది వారాల శిక్షణ ఎస్సిటలోప్రామ్ అనే మందుకు తీసిపోలేదని తేలింది. అయితే వారు బోధకుల సమక్షంలో వారం వారం తరగతికి హాజరై, ఇంటి దగ్గర రోజూ ముప్పావుగంట సాధన చేసినవారు. పది నిమిషాల యాప్‌ను దానితో సమానమని అనుకోవద్దు. ఇంతకన్న ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది: రక్తహీనతకు, థైరాయిడ్‌కు పరీక్ష చేయించుకోండి. రోజుకు ఎన్ని టీలు తాగుతున్నారో కూడా లెక్క చూసుకోండి. అద్దెగదుల్లో చదువుకునే పిల్లల గుండెదడలో కొంత వాటా టీ కొట్టుదే అని నా అనుభవం. ఇవన్నీ చూసుకున్నాక కూడా దడ తగ్గక, పుస్తకం ముందు కూర్చోలేకపోతుంటే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి.

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లాలో ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిని. ముందుజాగ్రత్తగా పిల్లలందరి చేతా ప్రార్థన సమయంలో ఈ ధ్యానం చేయించాలని అనుకుంటున్నాను. మీ సలహా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ ఉద్దేశం మంచిదే కాని ఫలితం మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. బ్రిటన్‌లో ఎనిమిది వేలకు పైగా బడిపిల్లలతో జరిపిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. తరగతి మొత్తానికి మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పినందువల్ల, మామూలు బోధన అందిన పిల్లలకన్న వారిలో డిప్రెషన్ ముప్పు తగ్గలేదు. ఆ పాఠాలు విన్న పిల్లల్లో ఎక్కువమంది ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. రెండు నిమిషాల నిశ్శబ్దం పెడితే పెట్టండి. కళ్లు మూసుకోమని మాత్రం బలవంతం చేయకండి, ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన పిల్లకు కళ్లు మూసుకోవడమే భయం. అంతకన్న, ఈ నెలలో ఆటల పీరియడుకు రావడం మానేసిన పిల్లలు ఎవరో పి.ఇ.టి. గారిని అడిగి తెలుసుకోండి. వారితో ఒక్కొక్కరిగా, మీ గదిలో కాకుండా చెట్టుకిందో, వరండాలోనో కూర్చుని మాట్లాడండి.